జపాన్ తక్యూబిన్ సమీక్ష: సామాను ముందు పంపి, చేతులు ఖాళీగా ప్రయాణం చేయాలంటే

జపాన్‌లో ఊరు మారేటప్పుడు పెద్ద సూట్‌కేసును షింకన్‌సెన్ (బుల్లెట్ రైలు)లోకి ఎక్కించే పని పెట్టుకోకండి. ముందు రోజే తక్యూబిన్ అనే పార్సిల్ సర్వీసుకి ఇచ్చేయండి. టొకాయిదో, సాన్యో, క్యూషూ షింకన్‌సెన్ మార్గాల్లో 2020 మే నుంచి ఒక నియమం ఉంది. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటిన సామాను ఉంటే, దాన్ని పెట్టుకునే చోటు ఉన్న సీటునే ముందుగా రిజర్వు చేసుకోవాలి. చేసుకోకుండా ఎక్కితే 1,000 యెన్లు అదనంగా కట్టాలి. అంతకంటే చిన్న పెట్టె అయినా టోక్యో స్టేషన్ రద్దీలో, మెట్ల మీద లాక్కుంటూ వెళ్లడం సుఖం కాదు. అదే పెట్టెను టోక్యో హోటల్ కౌంటర్లో అప్పగిస్తే మర్నాడు క్యోటో హోటల్లో మీ పేరు మీద ఉంటుంది. రెండు మూడు వేల యెన్ల మధ్య అవుతుంది.

తక్యూబిన్ అన్నది యమాతో ట్రాన్స్‌పోర్ట్ నడిపే ఇంటింటి పార్సిల్ సర్వీసు. పసుపు రంగు మీద, పిల్లను నోట కరుచుకున్న నల్ల పిల్లి బొమ్మ దాని గుర్తు. జపాన్‌లో ఏటా తిరిగే దాదాపు 500 కోట్ల పార్సిళ్లలో 190 కోట్ల దాకా వీళ్లవే. నా అంచనాలో ఇంటి గడపకి సంబంధించినంత వరకు ఇంత పక్కాగా నడిచే పార్సిల్ సర్వీసు అరుదు. కానీ ఆ పక్కాతనంలో సగం పంపేవాళ్ల చేతిలో, అందుకునేవాళ్ల చేతిలో ఉంది. కొత్తగా వెళ్లినవాళ్లకి ఇబ్బంది వచ్చేది సరిగ్గా అక్కడే. అందుకే ఈ సమీక్షలో పొగడ్త కంటే వాడే పద్ధతికి ఎక్కువ చోటిస్తున్నాను.

ముందు కొలత. రుసుము రెండిటి మీద ఆధారపడుతుంది: మూడు వైపుల కొలతల మొత్తం, బరువు. 60 సెంటీమీటర్లు, 2 కిలోల తరగతి అన్నిటికంటే చిన్నది. తర్వాత 80కి 5 కిలోలు, 100కి 10, 120కి 15, 140కి 20, 160కి 25, 180కీ 200కీ 30 కిలోలు. రెండిట్లో ఏది పై తరగతికి చెందితే ఆ తరగతి రుసుమే పడుతుంది. పెట్టె చిన్నదే కదా అని పుస్తకాలు కుక్కితే అందుకే లెక్క తప్పుతుంది. సూట్‌కేసుకైతే చక్రాలు, పిడి కూడా కొలతలోకి వస్తాయి. మనవాళ్లు తెచ్చే విమానపు పెట్టె సాధారణంగా 158 సెంటీమీటర్లు, 23 కిలోల పరిమితికి కుట్టినదే కాబట్టి 160 తరగతిలో సరిపోతుంది. 30 కిలోల అనుమతి ఇచ్చే విమానంలో వచ్చి, పెట్టెను నిండుగా సర్దుకున్నవాళ్లు మాత్రం బరువు వల్ల 180 తరగతిలో పడతారు. 30 కిలోలు దాటితే తీసుకోరు, పెట్టె విప్పి రెండుగా సర్దాల్సిందే. కన్వీనియన్స్ స్టోర్లలో 160 తరగతి వరకే తీసుకుంటారు. 180, 200 పెట్టెలకి యమాతో సొంత కార్యాలయానికి వెళ్లాలి, లేదా ఇంటికి పిలిపించుకోవాలి.

ఏ స్టోర్‌లో ఇవ్వాలన్నది కూడా చూసుకోవాలి. సెవెన్ ఇలెవన్, ఫ్యామిలీ మార్ట్ యమాతోవి తీసుకుంటాయి. లాసన్‌లో ఇచ్చేది జపాన్ పోస్ట్ వాళ్ల పార్సిల్ సర్వీసు యూప్యాక్. మీరే తీసుకెళ్లి ఇస్తే ఒక్కో పెట్టెకి 100 యెన్లు తగ్గుతుంది. ఇంటికి వచ్చి తీసుకెళ్లడానికి విడిగా రుసుమేమీ లేదు, ఆ 100 తగ్గింపు మాత్రం ఉండదు. బరువైన పెట్టెకి ఇంటికి పిలవడమే లాభం.

పెట్టె మీద అతికించే చిరునామా చీటీ దగ్గరే ఎక్కువ తప్పులు జరుగుతాయి. రెండు రకాల చీటీలు ఉంటాయి: పంపేవాళ్లు డబ్బు కట్టేది, అందుకునేవాళ్లు కట్టేది. స్టోర్‌లో అడిగేటప్పుడు ఏది కావాలో చెప్పాలి. జపనీస్ రాయడం రాకపోతే యమాతో కార్యాలయాల్లో నెకోపిట్ అనే తెర ఉన్న యంత్రం ఉంటుంది. అందులో ఇంగ్లిష్‌లో నింపితే చీటీ అచ్చయి వస్తుంది. చిరునామాలో ఫోన్ నంబరు తప్పనిసరి. భవనం పేరు, గది నంబరు వదిలేయడం అన్నిటికంటే మామూలు పొరపాటు. జపాన్‌లో చాలా వీధులకి పేరుండదు, పేట, బ్లాకు, ఇంటి సంఖ్యల వరస ఉంటుంది. ఒకే సంఖ్య మీద రెండు మూడు భవనాలు ఉండొచ్చు. అక్కడి దాకా వచ్చిన డ్రైవర్ ఏ గదో తెలియక పెట్టెను వెనక్కి తీసుకుపోతాడు.

వస్తువు పేరు రాసే గడిని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. "రోజువారీ సామాను", "చిల్లర వస్తువులు" అని రాస్తే హొక్కైదోకో ఒకినావాకో వెళ్లే పెట్టెను విమానం ఎక్కించరు. లోపల ఏముందో చీటీ చెప్పాలి. లేకపోతే అది ఓడల్లో, లారీల్లో వెళ్లి రోజులు ఆలస్యమవుతుంది. బట్టలు, పుస్తకాలు, ఉక్కు గిన్నెలు అని విడివిడిగా రాయండి. పవర్‌బ్యాంకుల్లాంటి లిథియం బ్యాటరీలు ఉన్నా ఇదే ఇబ్బంది, వాటిని సూట్‌కేసులోంచి తీసి చేతి సంచిలో పెట్టుకోండి. పాస్‌పోర్టు, నగదు, క్రెడిట్ కార్డులు అసలు పంపకూడదు, కంపెనీ ఒప్పుకోని వస్తువుల జాబితాలోనే అవి ఉన్నాయి.

అదే చీటీ మీద పగిలే వస్తువు, పైన బరువు పెట్టవద్దు, తలకిందులు చేయవద్దు, పాడయ్యే ఆహారం అన్న సూచనలు ఉంటాయి. ఆవకాయ జాడీ పంపేవాళ్లు మొదటి మూడిటినీ గుర్తించాలి, కానీ ఆ గుర్తుల మీదే భరోసా పెట్టుకోకూడదు. గాజు జాడీని నూనె పైకి చిమ్మేలా నింపి అట్టపెట్టెలో నిలబెడితే పగలకపోయినా కారుతుంది. కారిన నూనె పక్క పార్సిళ్లనీ పాడుచేస్తుంది. మూత చుట్టూ టేపు వేసి, రెండు ప్లాస్టిక్ సంచుల్లో విడివిడిగా కట్టి, బబుల్ ర్యాప్ చుట్టి, పెట్టెలో నాలుగు పక్కలా కాగితం కుక్కాలి. ప్యాకింగ్ చాలలేదని తేలితే నష్టపరిహారం రాదు.

హోటల్‌కి పంపేటప్పుడు చీటీ మీద బుకింగ్‌లో ఉన్న పేరే రాయాలి, దాని పక్కన చెకిన్ తేదీ రాయాలి. చెకిన్‌కి ముందు రోజు చేరేలా పంపితే చాలా హోటళ్లు దాచి ఉంచుతాయి, అయినా ముందే అడిగి తెలుసుకోవాలి. మనుషులు ఉండని అద్దె గదులకి, తాళం పెట్టెలో ఉంచే ఇళ్లకి సూట్‌కేసు పంపకండి. సంతకం పెట్టి తీసుకునేవాళ్లు ఉండరు. అలాంటప్పుడు దగ్గర్లోని యమాతో కార్యాలయానికి పంపి, అక్కడ గుర్తింపు చూపించి తీసుకోవడం నయం. విమానాశ్రయానికి పంపితే మామూలు రుసుము మీద నిర్వహణ రుసుము కలుస్తుంది. పెట్టె విమానం ఎక్కే ముందు రోజుకే అక్కడికి చేరేలా లెక్క వేస్తారు కాబట్టి కనీసం రెండు రోజుల ముందు ఇవ్వాలి. ఆఖరి రోజు పొద్దున గుర్తొస్తే ఇక మీరే మోసుకెళ్లాలి.

అందుకునే పని ఇంకా ముఖ్యం. సమయం ఎంచుకోవడానికి ఐదు వేళలున్నాయి: పొద్దున (12 గంటల లోపు), 14 నుంచి 16, 16 నుంచి 18, 18 నుంచి 20, 19 నుంచి 21. ఈ గంటలు మాటవరసకి రాసినవి కావు, ఎంచుకున్న వేళలోనే బండి వస్తుంది. ఇంట్లో ఎవరూ లేకపోతే తలుపులో ఒక చీటీ వదిలి వెళతారు. ఆ చీటీ అంచున పిల్లి చెవుల్లా రెండు నొక్కులు కత్తిరించి ఉంటాయి. చూపు లేనివాళ్లు వేలితో తడిమి, ఇది ప్రకటనల కాగితం కాదు, పార్సిల్ వచ్చిందని తెలుసుకోవడానికి అవి. చీటీ మీద 12 అంకెల నంబరు, క్యూఆర్ కోడు ఉంటాయి. దాంతో ఫోన్‌లో మళ్లీ వేళ ఎంచుకోవచ్చు, ఏ రుసుమూ లేదు. ఏడు రోజుల పాటు ఉంచి, అప్పటికీ స్పందన లేకపోతే పంపినవాళ్లకి తిరిగి పోతుంది.

టోక్యో నిషికసాయి వైపు తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. వాళ్లకి ప్రత్యేకంగా ఒక మాట. డ్రైవర్ చీటీ మీది పేరును తలుపు మీద, ఉత్తరాల పెట్టె మీద ఉన్న పేరుతో పోల్చి చూస్తాడు. మన పేర్లలో ఇంటిపేరు ముందు వస్తుంది, పాస్‌పోర్టులో అది ఒకచోట, ఆన్‌లైన్ ఖాతాలో ఇంకోచోట ఉంటుంది. భర్త పేరుతో ఇల్లు, భార్య పేరుతో ఆర్డరు అయితే రెండిట్లో కలిసే మాటే ఉండదు. ఉత్తరాల పెట్టె మీద ఇంట్లో వాడే పేర్లన్నీ కతకనా అనే జపనీస్ లిపిలో, దాని కింద ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి అతికిస్తే ఈ గొడవ పోతుంది. భవనంలో పార్సిళ్ల లాకర్ ఉంటే దాని వాడకం, తెరిచే కోడు ఎలా వస్తుందో ఇల్లు దిగిన రోజే నేర్చుకోవాలి. గుమ్మం ముందు వదిలేయమని అడిగే వీలు మామూలు తక్యూబిన్ పార్సిళ్లకి కూడా 2024 జూన్ 10 నుంచి వచ్చింది. అందుకు కురోనెకో మెంబర్స్ అనే యమాతో సభ్యత్వంలో ఉచితంగా నమోదు కావాలి. నమోదైతే పార్సిల్ బయలుదేరగానే కబురు వస్తుంది, బండి రాకముందే వేళ మార్చుకోవచ్చు. దీన్ని వాడనివాళ్లు ఆ సర్వీసులో సగం వదులుకున్నట్టే.

కూల్ తక్యూబిన్ అని చల్లటి పార్సిళ్లకి వేరే సర్వీసు ఉంది, 1988లో దేశమంతటా మొదలైంది. అందులో రెండు విభాగాలు: 0 నుంచి 10 డిగ్రీలు, మైనస్ 15 డిగ్రీలు ఇంకా కింద. రెండు రకాల సరుకూ ఒకే పెట్టెలో కలపకూడదు. 120 సెంటీమీటర్లు, 15 కిలోలు దాటకూడదు. కన్వీనియన్స్ స్టోర్లు తీసుకోవు. బండి సరుకును చల్లగా ఉంచుతుంది, చల్లబరచదు. అందుకని చల్లటి సరుకును కనీసం 6 గంటలు, గడ్డకట్టే సరుకును 12 గంటలు ముందే ఫ్రిజ్‌లో పెట్టి ఇవ్వాలి. అప్పుడే వండిన పులిహోరను వేడి తగ్గకుండా పెట్టెలో పెట్టి ఇస్తే చేరేసరికి పులిసిపోతుంది, తప్పు బండిది కాదు. ఇంకో పక్క, 2013లో పంపిణీ కేంద్రాల్లో కూల్ పార్సిళ్లను మామూలు ఉష్ణోగ్రతలో వేరు చేస్తున్నారని పత్రికలు బయటపెట్టాయి, కంపెనీ క్షమాపణ చెప్పింది. చేపలు, మాంసం, పాలపదార్థాలు పంపేటప్పుడు పెట్టెలో ఐస్‌ప్యాక్ వేయడం ఇప్పటికీ మంచిదే.

ఇంత సూక్ష్మంగా ఈ సర్వీసు ఎలా తయారైందో తెలిస్తే ఇప్పటి మార్పులు అర్థమవుతాయి. 1919లో టోక్యోలో నాలుగు లారీలతో మొదలైన కంపెనీ ఇది. 1973 చమురు సంక్షోభం తర్వాత సరుకుల వ్యాపారం కుదేలైంది. రెండో తరం అధినేత ఒగురా మసావో అప్పుడు అందరూ నష్టమని వదిలేసిన పని పట్టుకున్నాడు: గృహిణి ఒక్క ఫోన్ చేస్తే ఇంటికి వచ్చి ఒక్క పెట్టె అయినా తీసుకెళ్లడం, మర్నాడు చేర్చడం, ధర ముందే తెలిసేలా చెప్పడం. 1976 జనవరి 20న తొలిరోజు వచ్చినవి 11 పార్సిళ్లు. ఆయన లెక్కంతా సాంద్రత మీద నడిచింది. ఒక పేటలో ఒక బండి రోజుకి ఎన్ని ఇళ్లు తిరిగితే అంత లాభం, కాబట్టి ముందు సర్వీసు మెరుగుపరచాలి, లాభం తర్వాత వస్తుంది అన్నాడు. 1923 నుంచి ఉన్న మిత్సుకోషి డిపార్ట్‌మెంట్ స్టోర్ ఒప్పందాన్ని 1979లో వదులుకున్నాడు. పెద్ద ఖాతాదారును వదిలి ఇళ్లను నమ్ముకోవడం ఏ కాలంలోనైనా ధైర్యమే.

అంతకంటే గట్టి పోరు ప్రభుత్వంతో. అప్పట్లో లారీ ఏ రోడ్డు మీద తిరగాలన్నా ఆ మార్గానికి రవాణా శాఖ అనుమతి ఉండాలి. ఉత్తరాన తొహోకు మార్గానికి 1980లో పెట్టుకున్న దరఖాస్తును స్థానిక రవాణా సంస్థల అభ్యంతరాలతో ఏళ్ల తరబడి కదపలేదు. 1986 ఆగస్టులో యమాతో సాక్షాత్తూ రవాణా మంత్రి మీద కోర్టుకెక్కింది. ఆ ఏడాది చివరికి అనుమతి వచ్చింది. ప్రభుత్వ శాఖతో తలపడడం అరుదైన ఆ కాలపు జపాన్‌లో ఇది పెద్ద కదలిక. మామూలు కంపెనీ అంటే అధికారుల ముందు చేతులు కట్టుకు నిలబడుతుందన్న అలవాటును ఒక లారీ కంపెనీ తెంచింది. స్కీ పరికరాలు (1983), గోల్ఫ్ బ్యాగులు (1984) అంటూ వరసగా వచ్చిన కొత్త సర్వీసులు కూడా పై గదుల్లో పుట్టలేదు. స్కీ సర్వీసు ఆలోచన నగానో శాఖ ఉద్యోగులది. ఆపిళ్ల కాలం అయిపోయాక శీతకాలంలో బండ్లు ఖాళీగా ఉండేవి, స్కీలు మోసుకుంటూ బస్సెక్కేవాళ్లు కనబడేవాళ్లు. రెండిటినీ కలిపారు. పార్సిల్ తెచ్చే మనిషే వ్యాపారం తెచ్చే మనిషి కూడా కావాలన్న పద్ధతి వల్లే ఇది సాధ్యపడింది. డ్రైవర్‌ని అక్కడ సేల్స్ డ్రైవర్ అంటారు. డబ్బు వసూలు, కొత్త ఖాతాలు, ఫిర్యాదులు అన్నీ అతని చేతి మీదుగానే.

ఆ డ్రైవర్ మీదే బరువంతా పడింది. ఆన్‌లైన్ కొనుగోళ్లు పెరిగాక పార్సిళ్లు పెరిగాయి, చేతులు పెరగలేదు. 2017లో సుమారు 47 వేల మంది ఉద్యోగులకి బకాయిపడిన ఓవర్‌టైమ్ కింద 1,900 కోట్ల యెన్లు చెల్లిస్తామని కంపెనీ ప్రకటించింది. ఆ జూన్‌లో మధ్యాహ్నం 12 నుంచి 14 వేళను తీసేశారు, డ్రైవర్లు అన్నం తినడానికి. రాత్రి 20 నుంచి 21 వేళను 19 నుంచి 21కి మార్చారు. అక్టోబరులో 27 ఏళ్ల తర్వాత మొదటిసారి మూల ధరలు పెంచారు, సగటున 15 శాతం. 2024 ఏప్రిల్ నుంచి లారీ డ్రైవర్ల ఓవర్‌టైమ్‌కి ఏడాదికి 960 గంటల చట్టపరిమితి వచ్చింది. 2023 జూన్ నుంచి కొన్ని దూరప్రాంతాల మధ్య గడువు ఒక రోజు పెరిగింది. కాబట్టి మర్నాటికి చేరుతుందన్న నమ్మకంతో టోక్యో నుంచి దూరపు ఊళ్లకి మందులు, పత్రాలు పంపకండి, చీటీ నింపే ముందు వాళ్ల సైట్‌లో తేదీ చూడండి.

వేళల్లో కోత, ధరల పెంపు నాకు సమంజసంగానే కనిపిస్తాయి. ఉచితంగా రెండోసారి రావడం అన్నది నిజానికి ఉచితం కాదు, దాని ఖర్చు ఒక మనిషి సాయంత్రాల్లోంచి పోతుంది. తొలిసారి అందని పార్సిళ్లు దేశం మొత్తం మీద ఒకప్పుడు 15 శాతం ఉండేవి, ఇప్పుడు పదింట ఒకటి దరిదాపుకి వచ్చాయి. నేను ఒప్పుకోలేనిది వేరే ఉంది. సన్నటి పార్సిళ్లనూ ప్రచార పత్రాలనూ జపాన్ పోస్ట్‌కి అప్పగించే ఒప్పందంలో భాగంగా, వాటిని ఇళ్లకి పంచే సుమారు పాతిక వేల మంది వ్యక్తిగత కాంట్రాక్టుల్ని 2024 జనవరికల్లా ముగించారు. ఆ తర్వాత ఒప్పందమే తగాదాలో పడి, 2024 డిసెంబరులో జపాన్ పోస్ట్ 1,200 కోట్ల యెన్లకి దావా వేసింది. ఇల్లిల్లూ తెలిసిన మనుషుల్ని పోగొట్టుకోవడం ఇలాంటి సర్వీసుకి చిన్న నష్టం కాదు.

ఇక వేటికి వాడాలి? సూట్‌కేసు, ఆహారం, వేళకి చేరి తీరాల్సిన వస్తువు అయితే వేరే ఆలోచన లేకుండా తక్యూబిన్. చిన్న వస్తువులకి తక్యూబిన్ కాంపాక్ట్ తక్కువలో పడుతుంది. దాని పెట్టె 70 యెన్లు పెట్టి కొనాలి, 25, 20, 5 సెంటీమీటర్ల కొలత, బరువు లెక్క లేదు. లోపల ఉక్కు వస్తువులున్నా అదే ధర. మూత ఉబ్బితే మాత్రం తిప్పి పంపుతారు. వేళ పట్టింపు లేని పుస్తకాలు, బట్టలకి జపాన్ పోస్ట్ ధరలు కూడా పోల్చి చూసుకోవాలి. ఆఫీసు నుంచి రోజూ పెద్ద సంఖ్యలో పంపేవాళ్లు సగావా అనే ఇంకో పార్సిల్ కంపెనీతో కూడా బేరం చేసుకోవాలి, వాళ్ల బలం కంపెనీల మధ్య సరుకులో ఉంది.

పోయినా, పగిలినా పరిహారం ఒక్కో పెట్టెకి 3 లక్షల యెన్ల వరకే. అంతకంటే విలువైన కెమెరాలు, నగలు మామూలు తక్యూబిన్‌లో ఇవ్వకూడదు. పెట్టె విప్పగానే దెబ్బ కనిపిస్తే అట్టపెట్టెనూ లోపలి కాగితాల్నీ పారేయకుండా ఫొటోలు తీసి, చీటీ కాపీతో అదే రోజు కార్యాలయానికి ఫోన్ చేయండి. అందిన రోజు నుంచి 14 రోజుల లోపు తెలియజేయకపోతే కంపెనీ బాధ్యత ముగుస్తుంది. ప్యాకింగ్ పారేసినవాళ్లకి, లోపం ఎక్కడ జరిగిందో చూపించడం కష్టం.